చుక్క మార్కు గడ్డపార

కోయిలకుంట్ల
1955 ఏప్రిల్ 3, మట్టల ఆదివారం

గుడి నుంచి వచ్చేసరికి అరుగు మీద చెక్కపెట్టె ఉంది. కర్నూలు బస్సు కండక్టరు దించిపోయాడట. మా అల్లుడు గాబ్రియేలు పంపిన ఈస్టరు కానుక. మేకులు పీకి చూస్తే ఒక కిరసనాయిలు స్టవ్వు, ఒక లాంతరు, ఒక తాళంకప్ప. పెట్టెకు పక్కన తాడుతో కట్టి ఒక గడ్డపార. అన్నిటి మీదా అచ్చు గుద్దిన చుక్క. చుక్క మార్కు! పట్టపగలే చుక్కలు చూపించే సరుకన్నమాట.

తయారు చేసేది ఎవడో. ఏ సందులోనో పేరూ ఊరూ లేని కొలిమిలో పుట్టిన సరుకును గాబ్రియేలు టోకున తెప్పిస్తాడు. కర్నూలులో తన అంగట్లో కూర్చుని దాని మీద చుక్క గుద్దుతాడు. ఇంగ్లండు సరుకులో సగం ధరకు అమ్ముతాడు. కన్నది ఒకరు, పేరు పెట్టేది ఇంకొకరు. బడిలో పిల్లలకు ఎక్కాలు చెప్పుకుంటున్నవాడు ఉన్నట్టుండి బెత్తం పారేసి తక్కెడ పట్టాడు. ఎందుకయ్యా అంటే కర్నూలు రాజధాని అయింది గదా మామా అన్నాడు. మొన్నటిదాకా గుడారాల్లో నడిచిన రాజధాని, దాన్ని నమ్ముకున్న వ్యాపారి. జోడీ బాగా కుదిరింది.

మా అమ్మాయి కృపమణికి నేను చూసిన ఓవర్సీరు సంబంధం... ఇప్పుడెందుకు అదంతా.

నా గడ్డపార ఇంగ్లండుది. ఇంజనీరు దొర తన దేశానికి తిరిగిపోతూ నా చేతికిచ్చాడు. కెనాలు మీద నేను సూపర్వైజరుగా ఉన్నంతకాలం అది నాతోనే ఉంది, రిటైరయి నాతోనే వచ్చింది. చవక వస్తువు కొనేవాడు ఒకసారి కొని ఊరుకోడు, ఏటా కొంటాడు. నా కింద పనిచేసిన ప్రతి మేస్త్రీకీ ఈ మాట చెప్పాను. అందరికీ ఎక్కింది, నా కూతురికి తప్ప.

అన్నీ కొట్టుగదిలో పడేయమన్నాను. మా ఆవిడ స్టవ్వు మాత్రం వంటింట్లోకి పట్టుకుపోయింది. ఇల్లు తగలబడితే నన్ను అడగవద్దని చెప్పాను.

ఏప్రిల్ 5

స్టవ్వు ఇంకా పేలలేదు.

ఏప్రిల్ 8, గుడ్ ఫ్రైడే

తాళంకప్పను పరీక్షించాను. బియ్యం పెట్టె తాళంచెవితో తెరుచుకుంది. బీరువా తాళంచెవితోనూ తెరుచుకుంది. చివరికి మా ఆవిడ తలపిన్నుతో కూడా తెరుచుకుంది. ఈ రోజు నవ్వకూడదు కాబట్టి పెరట్లోకి పోయి నవ్వుకుని వచ్చాను.

లాంతరు వెలుతురు కంటే పొగ ఎక్కువ ఇస్తోంది. పైన పటారం, లోన లొటారం.

మా ఆవిడ ఆ స్టవ్వు మీద కాఫీ కాచి ఇచ్చింది. కాఫీ బాగుంది. కాఫీ బాగుండడం కాఫీపొడి గొప్ప, స్టవ్వు గొప్ప కాదు.

ఏప్రిల్ 13

బసవరాజు వచ్చాడు. కెనాలు మీద నా కింద పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు బ్లాకు ఆఫీసరు, జీపు, చేతికి గడియారం. అయినా నా ముందు కుర్చీలో కూర్చోవడానికి వెనకాడాడు. ఆ మాత్రం మర్యాద ఇంకా మిగిలి ఉన్నందుకు సంతోషం.

"సార్, ఎండలకు పల్లెల్లో బాయిలన్నీ అడుగంటినాయి. అన్నీ లోతు చేయించల్ల. దానికి గడ్డపారలు శానా కొనల్ల. అందరికంటే తక్కువ ధర చెప్పింది చుక్క మార్కు వాళ్ళు."

"అది మా అల్లుడి అంగడని తెలుసా?" అన్నాను.

"తెలిసే వచ్చినా సార్. మీరు అల్లుడని చూసే మనిషి కాదు. కెనాలు మీద మీరు వద్దన్న ఇనుమును ఎవురన్నా ముట్టుకున్నారా? మీరు పరీక్ష చేసి సరే అంటే తీసుకుంటా. వద్దంటే వద్దు. నాకు ఇంకెవురి మాటా అక్కర్లేదు."

లోకంలో ఇనుము గురించి అడగదగిన మనిషి ఇంకా ఒకడున్నాడని వీడికి గుర్తుంది. జీపు కదిలాక మా ఆవిడ వాకిట్లోకి వచ్చి, "పిల్ల బతుకు మీ చేతిలో పెట్టిపోయినాడు," అంది. పిల్ల బతుకు కాదు, గడ్డపార అన్నాను.

ఏప్రిల్ 15

కృపమణి వచ్చింది. చెప్పాపెట్టకుండా, మధ్యాహ్నం బస్సుకు. చిక్కిపోయింది. వంటింట్లో తల్లి పక్కన పీట మీద కూర్చుని చింతపండు గింజ తీస్తూ మొదలుపెట్టింది.

"నాయనా, బసవరాజు సారు నిన్ను అడిగినాడంట గదా."

"అడిగాడు."

"ఈ ఆర్డరు వస్తే మా అంగడి నిలబడతాది. రాకుంటే మూసేయల్ల. ఆయన నీతో చెప్పుకోలేడు. అందుకే నేను వచ్చినా."

"అంటే మంచిదని చెప్పమంటావు."

"అబద్ధం చెప్పమని అడగల్యా. ఉండేది ఉన్నట్టు చెప్పు. అంతే సాలు."

చూడండి! నాకు నిజం చెప్పమని చెప్పడానికి ఇంత ఎండలో కర్నూలు నుంచి వచ్చింది. తాత దగ్గరికొచ్చి దగ్గు నేర్పినట్టుంది. తాళంకప్ప తెచ్చి, తలపిన్నుతో తెరిచి దాని ముందు పెట్టాను. చూసి తల దించుకుంది.

"తాళాలు, లాంతర్లు మంచివి దొరకల్యా నాయనా. అవి ఆపేస్తాం. గడ్డపారలు అట్ల కాదు. వాటిని నేనే..."

అమ్మేవాడు ఒక్కడే అయినప్పుడు సరుకు వేరువేరుగా ఉండదు అని అడ్డుకున్నాను. సాయంత్రం బస్సుకు పోయింది. పోయేటప్పుడు కొట్టుగదిలోకి వెళ్ళి ఆ గడ్డపారను గోడకు నిలబెట్టి, దాని మీద దుమ్ము కొంగుతో తుడిచింది. వెర్రి.

ఏప్రిల్ 16

పరీక్ష. మా పెరటి బావి ఎండిపోయి ఫాల్గుణం నుంచి పడి ఉంది. బొజ్జన్న కూలికి వచ్చి లోతు చేస్తున్నాడు. అడుగున నాపరాయి పొర తగిలింది. ఇంతకంటే మంచి పరీక్ష ఏ కాలేజీలో ఉంటుంది? చుక్క మార్కును బొజ్జన్న చేతికిచ్చి, గట్టున కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

తవ్వుతున్నాడు. ఇంకా ఏమీ కాలేదు.

అంబలి తాగడానికి పైకి వచ్చాడు. మొన చూశాను. కాస్త మొద్దుబారింది. ఇంకా ఏమీ కాలేదు.

ఎండ దిగింది. పెద్ద పలక ఒకటి లేచింది. వంగలేదు కూడా.

"బాగుండాది సార్ ఇది. కొలిమి చూపిస్తే ఇంకా బాగుంటాది. మీకు వద్దనుకుంటే నాకు ఇయ్యండి."

కూలివాడికి ఏది చేతిలో పెడితే అదే బాగుంటుంది. ఒక్కరోజు నిలబడినంత మాత్రాన పరీక్ష గెలిచినట్టు కాదు అని చెప్పాను. వాడు తల గోక్కున్నాడు. పరీక్ష ఇంకా పూర్తి కాలేదు.

ఏప్రిల్ 17, ఆదివారం

బొజ్జన్న ఆదివారం రాడు. ఒంట్లో నలతగా ఉందని చెప్పి నేను గుడికి పోలేదు.

నాపరాయి సందులో మొన దిగేసి పరీక్షించాను. విరిగింది.

నేను ముందే చెప్పాను.

అదే రోజు, సాయంత్రం

పొద్దున రాసింది తక్కువైంది. మొన పట్టుకున్న చోటే విరిగింది. బలం వేస్తే విరిగే వస్తువు ఎప్పటికైనా విరుగుతుంది. ఎంత బలం అన్నది ముఖ్యం కాదు.

మా ఆవిడ గుడి నుంచి వచ్చి, నలతగా ఉన్న మనిషి బావిలోకి ఎందుకు దిగాడని అడిగింది. సమ్మెట గట్టు మీదికి ఎట్లా వచ్చిందని అడిగింది. తర్వాత, "కొత్త గడ్డపార గదా, కొలిమికి పంపించినారా?" అని అడిగింది.

ఈ సీమలో కొత్త గడ్డపారను ఎవడూ అంగడి నుంచి తెచ్చి నేరుగా రాతి మీద వేయడు. కమ్మరి దగ్గరికి తీసుకుపోయి, మొన కాల్చి, సాగదీసి, నీళ్ళలో ముంచి పదును పట్టించుకున్నాకే పనికి దించుతాడు. తెలియకేం? అలా చేయకుండా వచ్చిన కూలీని కెనాలు మీద నేనే ఇంటికి పంపేసేవాడిని. నా గడ్డపార ఇప్పటికీ నెలనెలా కొలిమికి పోతుంది. కానీ అది ఇంగ్లండు ఇనుము, దానికి ఆ సేవ చేయడంలో అర్థముంది. చవక సరుకుకు కూడా రాజోపచారాలు చేయాలంటే ఇంక అది చవక ఎట్లా అవుతుంది?

ఈ మాట మా ఆవిడకు చెప్పాను. లేచి వెళ్ళిపోయింది. ఆడవాళ్ళతో ఇనుము గురించి మాట్లాడకూడదు.

ఏప్రిల్ 18

బసవరాజు వచ్చాడు. విరిగిన మొన చేతిలో పెట్టాను. "కొనదగింది కాదు," అన్నాను. అంతే, ఇంకో మాట లేదు. వాడు మొనను అటూ ఇటూ తిప్పి, "అబ్బా! మీరు లేకుంటే బాయిల్లో మనుషులు సచ్చేవాళ్ళు సార్," అన్నాడు. సొంత అల్లుడైనా సరే, సార్ సారే అని వాకిట్లో డ్రైవరుతో చెప్పడం నాకు వినిపించింది.

రాత్రి అన్నం సహించలేదు. ఎండ.

ఏప్రిల్ 20

బొజ్జన్న విరిగిన గడ్డపార చూశాడు. నన్ను చూశాడు. తన గడ్డపార తీసుకుని బావిలోకి దిగాడు.

ఏప్రిల్ 23

స్టవ్వు ఇంకా పేలలేదు.

ఏప్రిల్ 26

ఆర్డరు ఇంకో అంగడికి పోయిందని బసవరాజు కబురు పంపాడు. ధర ఎక్కువేనట. ఉండదా మరి? మంచి వస్తువుకు ధర ఉంటుంది. చవక బేరానికి ఎగబడే ఈ కాలంలో ఒక ఆఫీసు చేత అయినా బుద్ధిగల పని చేయించాను. తృప్తిగా ఉంది. తృప్తిగా ఉంది కాబట్టి ఈ పూట త్వరగా పడుకుంటాను.

ఏప్రిల్ 27

నిద్ర పట్టలేదు.

మే 1, ఆదివారం

గాబ్రియేలు వచ్చాడు. పోట్లాటకు వస్తాడనుకున్నాను. జవాబులు సిద్ధం చేసుకునే ఉన్నాను. నలిగిన చొక్కా, ఎర్రబడిన కళ్ళు, సైకిలు. సైకిలు వెనక మూడు నాలుగు గడ్డపారలు కట్టి ఉన్నాయి. నీళ్ళు తాగి, అరుగు మీద నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"మామా, మీరు చెప్పకుంటే నేను ఇంకా అమ్ముతానే ఉందును. బాయిలో మనిషి దిగి ఉన్నప్పుడు అది ఇరిగితే? పైనుంచి రాయి జారితే? దేవుడు మీ నోటితో నన్ను ఆపినాడు."

"ఆ మూట ఏమిటి?"

"అమ్మినవి ఎనక్కి తీసుకుంటాండా మామా. ఆలూరు పక్క కొన్ని, ఈ పక్క కొన్ని. యాడ యాడ అమ్మినానో గుర్తు చేసుకుని ఊరూరు పోతాండా. కొందరు మేము ఇయ్యం అంటారు. బాగనే ఉండాది గదప్పా, ఎందుకు పెరుక్కుంటావు అంటారు. మా మామ కెనాలు సూపర్వైజరు, ఆయన వద్దన్నాడు అని చెప్పినాక ఇస్తాండారు."

వెర్రిబాగులవాడు. వ్యాపారి అన్నవాడు అమ్మింది వెనక్కి తీసుకుంటాడా? ఇలాంటివాడు నిలబడలేడని నేను పెళ్ళి నాడే అనుకున్నాను. ఎవరో ఒక మాట చెబితే, ఎందుకు, ఎట్లా అని ఒక్క ప్రశ్న కూడా వేయడు. విరిగిన మొన చూపించమని కూడా అడగలేదు. అడిగి ఉంటే చూపించేవాడిని. వెర్రిబాగులవాడు.

మా ఆవిడ వాడికి అన్నం పెడుతూ కన్నీళ్ళు తుడుచుకుంది. వాడు, "అత్తా, స్టవ్వు బాగ పనిచేస్తాండాదా? లేదంటే అది కూడా తీసుకుపోతా," అన్నాడు. బాగా పనిచేస్తోందని ఆమె నా వైపు చూస్తూ చెప్పింది.

మే 3

వెర్రిబాగులవాడు.

మే 9

కృపమణి వచ్చింది. లోపలికి రాకుండా నేరుగా పెరట్లోకి పోయింది. విరిగిన గడ్డపార బావి గట్టు పక్కనే పడి ఉంది. ఎందుకు పారేయలేదో నాకే తెలియదు. ఒక చేత్తో నడిమికి పట్టుకుని ఎత్తి, గులకరాయితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుంది. తర్వాత విరిగిన చోట వేలితో తడిమింది. దానికి జానెడు పైన పక్కగా పడిన లొత్తలు చూసింది. ఒకటి కాదు అవి.

"ఇవి సమ్మెట దెబ్బలు నాయనా."

పరీక్ష అంటే పరీక్షే అన్నాను.

"కొలిమికి పంపకుండా, మొన రాతి సందులో ఇరికించి, పక్కనించి సమ్మెటతో కొట్టినావు. నీ ఇంగ్లండు గడ్డపారను అట్ల కొట్టు, చూస్తాం."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"ఈ గడ్డపారలు తెప్పించేది ఆయనే గాని ఏరేది నేను. ఆయనకు ఇనుము తెలీదు. లారీ వస్తే ఒక్కొక్కటి ఎత్తి, తట్టి, మోత విని, బాగున్న దాని మీదనే చుక్క గుద్దిస్తా. చెడ్డవి ఎనక్కి పంపిస్తా. కెనాలు క్యాంపులో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మంచి ఇనుము గంట మాదిరి మోగుతాది వినుకో అమ్మా అని నేర్పించింది ఎవురు?"

నేను కూర్చున్నాను. అంతసేపూ నిలబడే ఉన్నానని అప్పుడే తెలిసింది.

"ఈ పొద్దు ఆయన పత్తికొండ పక్క పోయినాడు, మంచి గడ్డపారలు ఎనక్కి తేనీకి. నువ్వు చెప్పినావని. నేను చెప్పచ్చు ఆయనకు. కానీ మా నాయన కావాలనే ఇరగ్గొట్టి అబద్ధం చెప్పినాడని నా నోటితో ఎట్ల చెప్పేది? నువ్వే చెప్పు."

మా ఆవిడ అన్నానికి పిలిచింది. తినకుండానే పోయింది.

మే 10

చెప్పడానికేముంది. ఒక్క మాట.

మే 12

ఎండ. మా ఆవిడ అవసరమైనంతవరకే మాట్లాడుతోంది. బొజ్జన్న తవ్వుతున్నాడు, నీళ్ళు పడలేదు.

మే 14

కంటి అద్దాలు మార్చుకోవాలి. ఎప్పటి నుంచో అనుకుంటున్నాను. కర్నూలులో అయితే మంచివి దొరుకుతాయి. పనిలో పనిగా అంగడికి పోయి గాబ్రియేలుతో ఆ ఒక్క మాట అనేసి రావచ్చు. బసవరాజుకు తర్వాత చెప్పుకోవచ్చు. ముందు ఆ వెర్రివాడి తిరుగుడు ఆపించాలి. అయినా ప్రత్యేకంగా అందుకోసం పోవడం లేదు.

మే 16, కర్నూలు

సత్రంలో కూర్చుని రాస్తున్నాను. కూతురింట్లో ఉండమన్నారు, ఉండలేకపోయాను.

అంగడి తలుపు సగం మూసి ఉంది. లోపల అరలు ఖాళీ. వెనక పెరట్లో గడ్డపారలు కట్టెల మాదిరి పేర్చి ఉన్నాయి. ఇన్ని ఊళ్ళు ఎప్పుడు తిరిగాడో. పాత ఇనుము కొనే మాబాషా తోపుడు బండి తెచ్చి తూకం వేస్తున్నాడు. గాబ్రియేలు ఒక్కొక్కటి ఎత్తి ఇస్తున్నాడు. కృపమణి గడప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. దాని మొహం ఒక్కసారిగా వెలిగింది. నేను ఎందుకు వచ్చానో దానికి తెలుసు. అద్దాల కోసమని అది ఒక్క క్షణం కూడా అనుకోలేదు.

గాబ్రియేలు పరుగున వచ్చి నా చేతిసంచి అందుకున్నాడు. మాబాషా సలాం చేశాడు.

"పెద్దాయనా, మీరు కెనాలు సారంట గదా. ఇంత కొత్త ఇనుము నా కంటికి ఎప్పుడూ రాలేదు. దీన్ని కరిగించనీకి పంపాలంటే నాకే మనసు రాకుండా ఉండాది. మీరే చెప్పండి, ఇది ఎట్లాంటిది?"

ముగ్గురూ నా వైపే చూస్తున్నారు. ఒక గడ్డపార ఎత్తాను. మొన చూశాను. కొలిమి చూసిన మొన, ఎవడో రైతు బాగా పదును పట్టించుకున్నాడు. గులకరాయి తీసి తట్టాను. గంట మాదిరి మోగింది.

"మంచి ఇనుము," అన్నాను.

గాబ్రియేలు ముందుకు వచ్చి గడ్డపారను నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వద్దు మామా. నా మీద జాలితో మీరు అబద్ధం చెప్పొద్దండి. నష్టం వస్తే రానీ. మీ నోట ఎప్పుడూ అబద్ధం రాలేదు, నా కోసం రాకూడదు."

కృపమణి నన్నే చూస్తోంది. ఎదురు చూస్తోంది. ఇంకొక్క మాట చాలు. సమ్మెట అంటే చాలు, మిగతాది అదే చెబుతుంది. బస్సులో వస్తూ నేను అనుకున్నదీ ఆ మాటే. అనడానికే నోరు తెరిచాను. కానీ వాడు నన్ను చూస్తున్న చూపు అట్లా ఉంది. ఆ చూపుతో నన్ను ఇంకెవరూ చూడడం లేదు ఇప్పుడు, నా ఇంట్లో కూడా.

"ఎండ ఎక్కువగా ఉంది," అన్నాను.

కృపమణి లోపలికి వెళ్ళిపోయింది. నా నోట వచ్చిన ఆ మాటను అసహ్యించుకున్నంతగా నా జన్మలో ఏ చవక సరుకునూ నేను అసహ్యించుకోలేదు.

మాబాషా చివరి గడ్డపార కూడా తూచి బండి మీద వేశాడు. సందు ఇరుకు. బండి పోవడానికి నేను గోడవైపు జరిగి దారి ఇచ్చాను.